ఒక ప్రతి, నలభై మంది

మూడేళ్ల కిందట, మార్చి నెలాఖరులో, రాత్రి పదకొండు దాటాక మా హైదరాబాద్ ఆఫీసు మేనేజర్ ఫోన్ చేశాడు. పొద్దున్నకల్లా కస్టమర్‌కి రిజల్ట్స్ పంపాలట. టూల్ తెరుద్దామంటే తెరుచుకోవట్లేదు, లైసెన్సులన్నీ అయిపోయాయని చెబుతోంది, ఏదో ఒకటి చెయ్యి అన్నాడు. విజయవాడ ఆఫీసులో నేను రాసేది కోడే అయినా, ఎవరూ పట్టించుకోని పనులు పోగై చేరే మనిషి ఒకడు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు కదా, మా దగ్గర అది నేను. లైసెన్సు సర్వర్ కూడా అలాగే నా నెత్తికొచ్చింది.

లాగిన్ అయి జాబితా చూశాను. రెండు ఆఫీసుల్లో కలిపి ఆ టూల్ వాడేవాళ్లం నలభై మందిమి. కొన్న లైసెన్సులు పన్నెండు. పన్నెండూ పన్నెండు మంది చేతుల్లో ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఏ మెషీన్ నుంచి, ఎన్నింటికి తీసుకున్నారో ఉంటుంది. అందరిలోకీ పాతది పొద్దున తొమ్మిదింటికి తీసుకున్నది. పధ్నాలుగు గంటలు. ఎవరో తెరిచి పెట్టి ఇంటికెళ్లిపోయుంటారు అనుకున్నాను. తీసేయడానికి ఒక కమాండ్ ఉంది, ఒక్క లైను. కొట్టాను. ఆ సీటు హైదరాబాద్‌కి వెళ్లింది. మేనేజర్ థాంక్స్ చెప్పాడు, నేను పడుకున్నాను.

తెరిచి పెట్టి ఇంటికెళ్లిపోయింది నిజమే. కానీ లోపల సిమ్యులేషన్ నడుస్తోంది. తెల్లవారుజామున మూడింటికి అయిపోవాల్సింది. ఈ టూల్ మధ్యమధ్య సర్వర్‌ని పలకరిస్తుంటుంది, నా సీటు నాకే ఉందా అని. పలకరించినప్పుడు సీటు లేదు, ఇంకొకరు తీసుకున్నారు. టూల్ ఆగిపోయింది. నాకు రెండు వరసల వెనక కూర్చునే అమ్మాయి పని అది, చేరి ఆరు నెలలైంది. పొద్దున వచ్చి నెమ్మదిగానే అడిగింది: "అన్నా, మీరే తీశారా?" అవును, అన్నిటికంటే ఎక్కువసేపైంది నీదే, అందుకని, అన్నాను. "పధ్నాలుగు గంటలైంది కాబట్టే తీయకూడదు కదా" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. సర్వర్ మాన్యువల్‌లో కూడా లేదు. ఆ వారం వెతకడం మొదలుపెట్టిన నేను, చివరికి తేలింది మాత్రం కొల్లూరు కాలువ గట్టున.

ముందు ఈ సర్వర్ సంగతి. సాఫ్ట్‌వేర్‌ని విడిగా అమ్మడం అనేదే అంత పాత అలవాటు కాదు. 1969 జూన్‌లో ఐబీఎం ప్రకటన చేసేదాకా పెద్ద కంప్యూటర్ కొంటే ప్రోగ్రాములు దానితోపాటే వచ్చేవి. విడిగా అమ్మడం మొదలయ్యాక, కొన్నవాడు పక్కవాడికి ఇవ్వకుండా చూడటం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. మొదటి జవాబు తాళం. ప్రోగ్రాము ఒక మెషీన్‌కే కట్టుబడి ఉంటుంది, లేదా వెనక గుచ్చే చిన్న పరికరం ఉంటేనే నడుస్తుంది. మన భాషల డీటీపీ సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ తాళంతోనే వచ్చేవి. తాళం పోతే పని ఆగినట్టే.

ఎనభైల్లో ఇంజనీరింగ్ ఆఫీసుల్లోకి వర్క్‌స్టేషన్లు వచ్చాయి, వాటన్నిటినీ కలుపుతూ నెట్‌వర్కులూ వచ్చాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ని ఒక్క మెషీన్‌కి కట్టేస్తే దాని యజమాని సెలవు పెట్టిన రోజు అది దండగ. అపోలో కంప్యూటర్ కంపెనీ నెట్‌వర్క్ మీద లైసెన్సులు పంచే ఏర్పాటు ఒకటి చేసింది. 1988లో హైలాండ్ డిజిటల్, గ్లోబ్‌ట్రాటర్ అనే రెండు కంపెనీలు కలిసి ఫ్లెక్స్‌ఎల్ఎం తెచ్చాయి. తర్వాత అది చాలా చేతులు మారింది: 2000లో మాక్రోవిజన్, ఆ పైన అక్రెసో, ఆ పైన ఫ్లెక్సెరా. యజమానులు మారినా లోపలి పద్ధతి దాదాపు అదే. ప్రోగ్రాము ఎన్ని మెషీన్లలోనైనా పెట్టుకోండి. ఒకే సమయంలో ఎంతమంది వాడొచ్చన్నదే లెక్క. ఆ లెక్క ఒక సర్వర్ చూసుకుంటుంది. తీసుకున్నప్పుడు ఒకటి తగ్గిస్తుంది, తిరిగిచ్చినప్పుడు ఒకటి కలుపుతుంది. సున్నాకి చేరితే లేదు పొమ్మంటుంది. అంతే, ఇంతకంటే గొప్ప రహస్యమేమీ లేదు.

నన్ను ఆపేసింది దాని మాటలు. సర్వర్ నుంచి లైసెన్సు తీసుకోవడాన్ని చెక్ అవుట్ అంటారు. తిరిగివ్వడం చెక్ ఇన్. ల్యాప్‌టాప్‌లో ఊరికి పట్టుకెళ్లాలంటే బారో, దానికి గడువు తేదీ. గడువుకు ముందే ఇచ్చేస్తే ఎర్లీ రిటర్న్. ఒకరి పేరున పక్కన పెట్టడం రిజర్వ్. ఖాళీ లేకపోతే క్యూ. ఈ మాటలన్నీ ఎక్కడివి? లైబ్రరీ కౌంటర్‌వి. కాలిఫోర్నియాలో ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకి తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఒకే ప్రతిని పదిమంది వాడుకోవడం అనే సమస్య దగ్గరికి రాగానే నోటికి వచ్చినవి లైబ్రేరియన్ మాటలే.

చట్టంలో ఇంకో వింత ఉంది, ఇది చదివి నేను ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దానికి 1984లో చేసిన సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య కృతి కిందికే వచ్చింది. చట్టం కళ్లకి మా చిప్ డిజైన్ టూలూ, చలం నవలా ఒకే జాతి. అయితే ఆ బంధుత్వం అద్దె షాపు గుమ్మం దాకానే. మామూలు పుస్తకం ఒకసారి అమ్ముడై చలామణిలోకి వచ్చాక ఆ ప్రతి మీద ప్రచురణకర్త పట్టు పోతుంది. నేను మీకు ఇవ్వొచ్చు, మీరు అద్దెకి తిప్పుకోవచ్చు. ప్రోగ్రాము ప్రతిని వ్యాపారంగా అద్దెకివ్వడం మాత్రం హక్కుదారు చేతిలోనే ఉంచారు. అమెరికాలో ఈ గొడవ ఇంకా ముందే తేలింది. ఒక ప్రచురణకర్త తన నవల లోపల 'డాలర్ కంటే తక్కువకి అమ్మరాదు' అనే అర్థంలో హెచ్చరిక అచ్చువేస్తే, ఒకసారి అమ్మాక ఆ మాట చెల్లదని 1908లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్నుంచి నేర్చుకున్న పాఠం తేలికైనది: అసలు అమ్మకపోతే సరి. లైసెన్సు ఇస్తారు. మన సుప్రీంకోర్టు కూడా 2021 మార్చి 2న, పన్నుల కేసులో అయినా, వాడకందారుకి దక్కేది కాపీరైట్ కాదని, ఆ ప్రతిని వాడుకోవడం మాత్రమేనని తేల్చి చెప్పింది.

సరే, ఇక మన ఊరికి.

విజయవాడలో పుట్టిపెరిగినవాళ్లకి రామమోహన గ్రంథాలయం పేరు తెలిసే ఉంటుంది, లోపలికి వెళ్లినవాళ్లు తక్కువైనా. అది 1911లో మొదలైంది. అప్పటికి ఇది బెజవాడ. రైలు జంక్షను, కాలువల జంక్షను కూడా. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశంలోని గ్రంథాలయాలవాళ్లంతా ఇక్కడే సమావేశమయ్యారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షుడు. నడిపించిన చెయ్యి అయ్యంకి వెంకటరమణయ్యది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది. ప్రభుత్వం పూనుకుని పెట్టింది కాదు. ఊరికి ఎవరో ఒకరు తమ ఇంటి అరుగు ఇచ్చి, బీరువా ఇచ్చి, నాలుగు పుస్తకాలు పెట్టి మొదలుపెట్టినవాటిని ఒక తాటి మీదికి తేవాలన్న ఆలోచన.

గ్రంథాలయోద్యమం గురించి మనం మాట్లాడేటప్పుడు ఎప్పుడూ జాతీయోద్యమంతో కలిపే మాట్లాడతాం. అందులో తప్పేం లేదు. కానీ దాని అడుగున పచ్చి లెక్క ఒకటుంది, అది ఎవరూ చెప్పరు. పుస్తకం ఖరీదు. చదవగలిగినవాళ్లు ఊరికి కొద్దిమంది. పుస్తకం కొనగలిగినవాళ్లు అందులో ఇంకా తక్కువ. కొన్నవాడు ఒకసారి చదివి అటక మీద పెడతాడు. అంటే ఆ ప్రతి ఏడాదిలో మూడు రోజులు పనిచేసి మిగతా మూడొందల అరవై రెండు రోజులు నిద్రపోతుంది. దాన్ని నిద్ర లేపడమే ఉద్యమం. లైసెన్సు సర్వర్ కట్టినవాళ్లని కదిలించింది కూడా ఈ నిద్రే.

ఊరికొక బీరువా పెడితే ఇంకో సమస్య. యాభై పుస్తకాలున్న ఊళ్లో చదివే అలవాటున్న మనిషి ఆరు నెలల్లో అన్నీ పూర్తిచేస్తాడు. తర్వాత? పక్క ఊరి బీరువాలో ఇంకో యాభై ఉన్నాయి, అక్కడి మనిషి కూడా అవి పూర్తిచేసి ఖాళీగా కూర్చున్నాడు. పుస్తకాలు కదలాలి. బరోడా సంస్థానంలో అప్పటికే పెట్టెల్లో పుస్తకాలు సర్ది ఊరూరా తిప్పేవారు. తమిళనాట మన్నార్‌గుడిలో 1931లో ఎడ్లబండి గ్రంథాలయం బయల్దేరింది. సరిగ్గా ఆ ఏడాదే రంగనాథన్ తన అయిదు సూత్రాలు మద్రాసులో అచ్చువేశాడు. మన డెల్టాలో ఎడ్లబండి అవసరం లేదు. ఇక్కడ రోడ్డుకంటే కాలువ నమ్మకమైనది.

దుగ్గిరాల దగ్గర పెదపాలెంలో పాతూరి నాగభూషణం 1935లో పడవలో గ్రంథాలయం పెట్టాడు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంట పడవ వెళ్లేది. గట్టున ఉన్న ఊళ్లకి పుస్తకాలు ఇస్తూ పోవడం, తిరుగు ప్రయాణంలో తీసుకోవడం. ఊహించుకుంటే నాకు పడవకంటే ముందు రిజిస్టరు కనిపిస్తుంది, వృత్తి దోషం. ఏ పుస్తకం ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, మళ్లీ పడవ వచ్చేసరికి తిరిగొచ్చిందా. పడవలో ఒకే ప్రతి ఉన్న పుస్తకం పైఊళ్లో ఎవరో తీసుకుంటే, కింది ఊరివాడికి మళ్లీ పడవ వచ్చేదాకా ఎదురుచూపే. కాలువలు మరమ్మతులకి కట్టేసే ఎండాకాలంలో పడవ కదలదు. అదీ ఒక రకం సర్వర్ డౌన్.

ఇన్ని ఊళ్లకి కలిపి ఒకే పడవ ఎందుకు లాభమో చెప్పడానికి నాకు ఇంకో మనిషి కావాలి. ఆయన డెన్మార్క్ వాడు, పేరు ఎర్లాంగ్, కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ట్రంకాల్ రోజులు మీకు గుర్తులేకపోయినా మీ నాన్నగారికి గుర్తుంటాయి. రెండూళ్ల మధ్య ఉండే లైన్లు కొన్నే. అందరూ ఒకేసారి చేయరు, కానీ అప్పుడప్పుడు చేస్తారు. ఎన్ని లైన్లు వేస్తే వందలో ఎందరికి దొరకదు? దీనికి ఎర్లాంగ్ 1917లో ఒక సూత్రం ఇచ్చాడు. వందేళ్ల తర్వాత నేను మా లైసెన్సులకి అదే వేసి చూశాను.

నలభై మందిమి. ఒక్కొక్కరం రోజులో అయిదో వంతు సమయం టూల్ వాడతామనుకుందాం. సగటున ఎనిమిది సీట్లు వాడకంలో ఉంటాయి. మా మేనేజ్‌మెంట్‌కి నెలనెలా వెళ్లే గ్రాఫులో కనిపించేది ఈ ఎనిమిదే. సగటు ఎనిమిదైతే పన్నెండు కొన్నాం, నాలుగు ఎక్కువే కదా అనేవాళ్లు. నిజంగా ఎనిమిదే కొనుంటే? అడిగిన వందసార్లలో ఇరవై నాలుగుసార్లు దొరకదు. పది ఉంటే పన్నెండుసార్లు. మా పన్నెండుతో అయిదుసార్లు. వందలో ఒక్కసారి కంటే తక్కువకి రావాలంటే పదిహేను కావాలి. ఇది మామూలు రోజుల మాట. మార్చి నెలాఖరులో మా వాడకం అయిదో వంతు నుంచి పదింట మూడు వంతులకి పెరిగిందనుకోండి, అంటే ఒకటిన్నర రెట్లు. దొరకనిది అయిదు నుంచి ఇరవైకి పోతుంది, నాలుగు రెట్లు. ఆ రాత్రి ఫోన్ ఎందుకు వచ్చిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఎవరూ సోమరులు కారు, ఎవరూ దొంగలు కారు.

పడవ సంగతి ఇప్పుడు. అదే నలభై మందిని ఎనిమిదేసి మంది చొప్పున అయిదు టీములు చేసి, ఎవరి లైసెన్సులు వాళ్లవే అని గిరి గీస్తే, వందలో ఒక్కరికంటే తక్కువమందికి లేదనాలంటే ప్రతి టీముకీ ఆరు కావాలి. మొత్తం ముప్ఫై. కలిపి పెడితే పదిహేనుతో సరిపోయేది విడదీస్తే రెట్టింపు. పెదపాలెంలో కూర్చుని ఈ సూత్రం ఎవరూ వేసి ఉండరు. అయిదు ఊళ్ల అయిదు బీరువాల కంటే ఒక పడవ మేలని తెలియడానికి డెన్మార్క్ దాకా వెళ్లక్కర్లేదు.

ఈ లెక్కకి ఒక షరతుంది. జనం ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రావాలి. నిజంలో అలా రారు. పరీక్షలప్పుడు అందరికీ ఒకే పుస్తకం కావాలి. అరవై నుంచి ఎనభైల దాకా మన వీధి చివరల్లో నడిచిన అద్దె పుస్తకాల షాపులవాళ్లకి ఇది చేత్తో తెలిసిన విద్య. యద్దనపూడి నవల కొత్తగా వచ్చిందంటే ఒక ప్రతి చాలదు, యండమూరి అయితే అసలే చాలదు. వేడి చల్లారాక మిగిలిన ప్రతులతో ఏం చేయాలి? ఎక్కువ కొంటే నష్టం, తక్కువ కొంటే పక్క షాపుకి పోతారు. రోజుకింత అని అద్దె పెట్టడంలో ఉన్న తెలివి కూడా గమనించండి. పుస్తకం తొందరగా తిరిగొచ్చేది ఆ అద్దెకి భయపడే. మా సర్వర్‌లో అలాంటి భయం పెట్టే మీట లేదు. పది నిమిషాల పనికి పొద్దున తెరిచి సాయంత్రం దాకా మూయకుండా ఉంచినా ఎవరికీ ఏ ఖర్చూ లేదు.

మీట లేదన్నాను గానీ ఇంకా చాలా మీటలున్నాయి. ఆప్షన్స్ ఫైల్ అని ఒకటుంటుంది, సాదా టెక్స్ట్ ఫైలు. ఫలానావాళ్లకి ఇన్ని రిజర్వ్. ఫలానావాళ్లకి ఇన్నిటికి మించి ఇవ్వొద్దు. ఫలానావాళ్లకి అసలే ఇవ్వొద్దు. ఇంతసేపు కదలకుండా కూర్చుంటే లాక్కో. ఈ ఫైలు రాసేవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు, రాసేవాడికే సరిగ్గా తెలియదు. నాకు తెలియలేదు. ఆ అమ్మాయి అడిగాక తెరిచి చూస్తే నాకంటే ముందున్నాయన ఎప్పుడో రాసిన లైన్లున్నాయి. పన్నెండులో మూడు హైదరాబాద్‌లోని ఒక సీనియర్ టీముకి రిజర్వ్. రిజర్వ్ అంటే వాళ్లు వాడకపోయినా ఇంకెవరికీ ఇవ్వదు. అంటే మిగతా మాకు ఉన్నవి పన్నెండు కాదు, తొమ్మిదే. ఆ టీములో సగంమంది ఎప్పుడో వేరే కంపెనీలకి వెళ్లిపోయారు. ఆ రాత్రి జాబితాలో ఆ మూడు సీట్లూ కూడా నిండే ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క రాత్రికి తేడా పడలేదు గానీ, మామూలు రోజుల్లో ఎన్నిసార్లు పడిందో.

డెల్టావాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాలు. కాలువ మొదట్లో ఉన్నవాడికి నీళ్లెప్పుడూ ఉంటాయి. అవసరానికి మించి పెట్టుకుంటాడు, రేపు రావేమోనన్న భయం కొద్దీ. శివారు భూముల దాకా వచ్చేసరికి కాలువ ఎండుతుంది. నీళ్లు తక్కువైన ఏడాది వంతులు పెడతారు, ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. తూముల దగ్గర లస్కరు ఉంటాడు. రాత్రిపూట తూము ఎవరు ఎత్తారు అన్నది ప్రతి ఊళ్లోనూ నడిచే డిటెక్టివ్ నవల. మా తాతది శివారు పొలమే. పైవాళ్లని ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ తాతకి మనవణ్ణైన నేను ఆఫీసులో లస్కరు ఉద్యోగం చేస్తూ రాత్రిపూట ఫోన్ వస్తే పైవాడికి తూమెత్తాను.

నీళ్లకీ లైసెన్సుకీ తేడా లేకపోలేదు. పారిన నీళ్లు తిరిగి రావు, సీటు వస్తుంది. ఆ తేడా మీద నమ్మకంతోనే నేను తీసేశాను: ఇప్పుడు ఇచ్చేస్తే ఏమైంది, రేపు మళ్లీ తీసుకుంటుంది కదా. కానీ పధ్నాలుగు గంటల సిమ్యులేషన్ సగంలో ఆగితే అది పారిన నీరే. రేపు సీటు వస్తుంది, పధ్నాలుగు గంటలు రావు. నవల సగంలో లాక్కుంటే మిగతా సగం ఎప్పుడైనా చదువుకోవచ్చు. పొట్ట మీదున్న వరికి చివరి తడి ఆపితే ముందు పెట్టిన తడులన్నీ దండగే. ఎవరి పని ఏ జాతిదో సర్వర్‌కి కనబడదు. దానికి కనబడేది తీసుకున్న టైము ఒక్కటే.

సర్వర్‌కి ఇంకొకటి కూడా కనబడదు, కాదు, కనబడుతుంది గానీ మేము చూడం. లేదన్న ప్రతిసారీ లాగ్‌లో ఒక లైను పడుతుంది, పేరుతో సహా. వాడకం గ్రాఫులు అడిగే మేనేజర్లు తిరస్కరణల జాబితా అడగరు. నేను కూర్చుని మూడు నెలలవి లెక్కపెట్టాను. ఎక్కువసార్లు లేదనిపించుకున్న పేర్లు ఎవరివనుకుంటున్నారు? కొత్తవాళ్లవి. పాతవాళ్లు పొద్దున వస్తూనే టూల్ తెరిచి పెట్టేస్తారు, కావాలన్నా లేకపోయినా. కొత్తవాళ్లకి ఆ కిటుకు తెలియదు. కొందరి పేర్లు జనవరిలో రోజుకి అయిదారుసార్లు కనబడి, మార్చికి అసలు కనబడవు. వాళ్లకి సీట్లు దొరకడం మొదలై కాదు, పగలు అడగడం మానేశారు. రాత్రి పదింటికి లాగిన్ అవడం నేర్చుకున్నారు. గ్రాఫులో దీన్ని రాత్రిపూట మెరుగైన వినియోగం అంటారు.

లైబ్రరీలోనూ ఇంతే. ఎన్ని పుస్తకాలు బయటికెళ్లాయో రిజిస్టరు చెబుతుంది. వచ్చి, అడిగి, లేదంటే వెనక్కి వెళ్లిన మనిషి ఏ పేజీలోనూ ఉండడు. రంగనాథన్ సూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలన్నది, నాకెప్పుడూ స్కూల్ గోడ మీది నీతివాక్యంలా అనిపించేది. ఆ లాగ్ చదివాక అది లెక్క తీయమనే మాటలా వినిపించింది.

ఒక ఆదివారం బస్సెక్కి కొల్లూరు వెళ్లాను, ఏం చూడాలని వెళ్లానో నాకే తెలియదు. కాలువ ఉంది. పడవలు లేవు. గట్టు మీద రోడ్డు, రోడ్డు మీద ఆటోలు. టీ కొట్టు దగ్గర పెద్దాయన్ని పడవ గ్రంథాలయం గురించి అడిగితే, పడవలు తెలుసు, పుస్తకాల పడవ తెలియదు అన్నాడు. అరగంట కూర్చుని వచ్చేశాను.

ఈ కథలో నాకు మింగుడు పడని మలుపు చివర్లో ఉంది. లైబ్రరీ దగ్గర మాటలు అరువు తెచ్చుకున్న లైసెన్సు సర్వర్, ఇప్పుడు లైబ్రరీ మీదే పెత్తనానికి వచ్చింది. ఈబుక్కుల్ని ప్రచురణకర్తలు లైబ్రరీలకి అమ్మరు, లైసెన్సు ఇస్తారు. ఒక ప్రతికి ఒకసారి ఒక పాఠకుడు. 2011లో హార్పర్‌కాలిన్స్ ఇంకో షరతు పెట్టింది: ఇరవై ఆరుసార్లు అరువిచ్చాక ఆ ఈబుక్కు చచ్చిపోతుంది, మళ్లీ కొనుక్కోవాలి. అట్ట ఊడినా దారంతో కుట్టి వందమందికి ఇచ్చే పుస్తకం ఎక్కడ, ఇరవై ఆరో మనిషి దగ్గర గడువు తీరే పుస్తకం ఎక్కడ.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు దీనికి విరుగుడు కనిపెట్టామనుకున్నారు. తమ దగ్గర అచ్చు ప్రతి ఒకటుంటే, దాని స్కాను ఒకసారికి ఒక్కరికే అరువు. సాక్షాత్తూ మా సర్వర్ పద్ధతే. 2020 మార్చిలో, ఊళ్లన్నీ మూతబడ్డప్పుడు, ఆ ఒక్కరికే అన్న కట్టు తీసేసి ఎంతమంది అడిగితే అంతమందికి ఇచ్చారు. జూన్‌లో నలుగురు పెద్ద ప్రచురణకర్తలు కేసు వేశారు. 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబర్‌లో పై కోర్టు, రెండూ ఆర్కైవ్‌కి వ్యతిరేకంగానే చెప్పాయి. గమనించాల్సింది ఏమిటంటే కోర్టులు తప్పుపట్టింది కట్టు తీసేసిన ఆ కొద్ది నెలల్ని మాత్రమే కాదు. ఒక ప్రతికి ఒక పాఠకుడు అన్న పద్ధతిని కూడా ఒప్పుకోలేదు. లెక్క నిజాయితీగా ఉంచితే చాలు అనుకున్న నాలాంటివాళ్లకి అది దెబ్బ. మనం పాత తెలుగు పుస్తకాలు దించుకునేది కూడా అక్కణ్ణుంచే కాబట్టి భయపడ్డాను. అవి చాలావరకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు, ఈ అరువు పద్ధతిలో ఉన్నవి కావు, ప్రస్తుతానికి అక్కడే ఉన్నాయి. రచయితల వైపు న్యాయం లేదని నేననను, అచ్చువేసినవాడు బతకాలి. కానీ 1935లో ఒక చట్టం వచ్చి, పడవ ఎక్కించిన ప్రతి పుస్తకానికీ ఏటా మళ్లీ డబ్బు కట్టాలి అనుంటే, పెదపాలెంలో ఆ పడవ గట్టు వదిలేదా?

మా ఆఫీసు సంగతి చెప్పి ఆపేస్తాను. తిరస్కరణల లెక్క, ఎర్లాంగ్ లెక్క, రెండూ ఒక కాగితం మీద పెట్టి పదిహేను లైసెన్సులు కావాలని అడిగాను. పదమూడు ఇచ్చారు. రిజర్వ్ లైను తీసేస్తానంటే హైదరాబాద్ టీముతో రెండు వారాలు మెయిళ్లు నడిచాయి. చివరికి మూడు ఒకటైంది. కదలకుండా ముప్ఫై నిమిషాలు ఉంటే సీటు వెనక్కి వచ్చే మీట పెట్టాను. నడుస్తున్న సిమ్యులేషన్‌ని అది ముట్టుకోదు. పాతవాళ్లు మధ్యమధ్య మౌస్ కదపడం నేర్చుకున్నారు. తీసేసే కమాండ్ మాత్రం ఉంచాను, ఒక్క నియమంతో: ఎవరిదైతే తీయాలో ముందు వాళ్లకి ఫోన్ చేయాలి.

తర్వాతి మార్చిలో మళ్లీ ఫోన్ వచ్చింది, అదే మేనేజర్, అదే వేళకి. జాబితా తెరిచాను. పదమూడూ నిండి ఉన్నాయి. అన్నిటికంటే పాతది పదకొండు గంటలది, మళ్లీ ఆ అమ్మాయిదే. ఫోన్ చేశాను. నిద్ర గొంతుతో ఎత్తింది.

"ఇంకెంతసేపు పడుతుంది?"

"నలభై నిమిషాలు, అన్నా."

మేనేజర్‌కి ఫోన్ చేసి నలభై నిమిషాలు ఆగమన్నాను. కుదరదన్నాడు. ఆగాడు.